కంటికి కాకిబంగారం

కాలేజీ ఫంక్షన్ అంటే చాలు, హాస్టల్లో ఐషాడో డబ్బా చేతులు మారుతుంది. అందరూ రంగు చూస్తారు, మెరుపు సంగతి పట్టించుకోరు. నాది చామనఛాయ కన్నా ఇంకో పిసరు నలుపు. లేతగులాబీ మ్యాట్ వేస్తే రెప్పల మీద విభూతి రాసినట్టుంటుంది. రాగిరంగు షిమ్మర్ అయితే నిండుగా కనబడుతుంది. టీనగర్ షాపులో అమ్మాయి మాత్రం "మీ కలర్‌కి లైట్‌గా వేసుకోండక్కా" అంది. నేను రాగిరంగే తీసుకున్నా. చెన్నై చెమటకి షిమ్మర్ మడతలోకి చేరిపోతుంది కదా, అందుకే రెప్ప మధ్యలో మాత్రం వేలితో అద్దుతాను. మడత దగ్గర కాఫీరంగు మ్యాట్.

ఈ మెరుపు చాలావరకు అభ్రకానిదే, అంటే మన కాకిబంగారం. దాని పొడికి టైటానియం డయాక్సైడ్ పూత పూస్తే ముత్యపు మెరుపు, ఐరన్ ఆక్సైడ్ పూస్తే రాగి, కంచు రంగులు వస్తాయి. మా గూడూరు చుట్టుపక్కల గనులు దీనివే. అమ్మమ్మ వయసులో ఉన్నప్పుడు షెడ్డులో కూర్చుని కత్తితో అభ్రకం రేకులు చీల్చేది. సంక్రాంతికి వెళ్లినప్పుడు నా డబ్బా చూపించాను. వేలికి కాస్త రాసుకుని వెలుతురులో తిప్పి చూసింది.

"పని నుంచి ఇంటికొస్తే ఒళ్లంతా ఇదే. ఎంత కడిగినా పొయ్యేది కాదు. దీన్ని దుడ్లు పెట్టి కొన్నావా?"

ఎంతో చెప్పలేదు నేను.