మేడి పట్టిన చేయి

2009 జూలైలో ప్రతి ఆదివారం తెల్లారకముందే చేవెళ్లలో బస్సెక్కేవాణ్ణి. మొయినాబాద్ దాకా రోడ్డు పొడవునా మర్రిచెట్లు. వాటి కింద ఇంకా చీకటిగానే ఉండేది. హుస్సేన్‌సాగర్ ఒడ్డు చేరేసరికి వానాకాలపు పడమటి గాలి లేచేది.

మిత్రుడొకడు తెచ్చిన పాత హోబీ 16 మా పడవ. అయిదు మీటర్ల పొడవు, అరటికాయల్లా వంగిన రెండు దోనెలు, వాటి నడుమ బిగించి కట్టిన గుడ్డ, పెద్ద తెరచాప ఒకటి, ముందు చిన్నదొకటి. గాలి పెరిగితే చాలు, పడవ ముక్కు గాలికి ఎదురు తిరగబోయేది. తిరగనివ్వకుండా చుక్కాని కర్రను నా వైపు గుంజి పట్టుకునేవాణ్ణి. గంటలో భుజం మొద్దుబారేది. నాకు బలం చాలడం లేదనుకున్నాను.

ఇంటికొచ్చి నాయినకు బొబ్బలెక్కిన చేయి చూపించాను. ఆయన పడవ ఎక్కి ఎరగడు. "నాగలి ఒకదిక్కు గుంజుతుంటే మేడి మీద పడి ఒత్తుతరా బిడ్డా? కాడి కాడ కట్టు సూసుకోవాలె" అన్నాడు.

తర్వాతి వారం కట్టు చూశాం. ఒక చుక్కాని రేకు గుర్రపుడెక్క తగిలి సగం పైకి లేచి ఉంది. రేకు పూర్తిగా దిగి గడియ పడకపోతే నీటి తోపుడంతా చేతి మీదికే వస్తుంది. తెరచాప కొయ్య మరీ వెనక్కి వాలి ఉంది. అలా వాలితే గాలి తోసే చోటు, నీరు అడ్డుకునే చోటు కంటే వెనక్కి జరుగుతుంది. అప్పుడు ముక్కు గాలివైపు పోక ఏం చేస్తుంది? ముందు తీగను కుదించి, పక్క తీగలను ఆ మేరకు వదిలి, కొయ్యను కొంచెం నిలబెట్టాం. వదులుగా కొట్టుకుంటున్న చిన్న తెరచాపను బిగించాను. నీళ్ల మీద గాలి విసురు రాగానే పెద్దదాని తాడు జానెడు వదిలాను. పైకి లేచిన దోనె మెల్లగా దిగింది.

కర్ర రెండు వేళ్లకు లొంగింది.

ఆ కాస్త గుంజుడు మాత్రం ఉంచుకోవాలి. చేయి జారినా పడవ గాలికి ఎదురు తిరిగి ఆగుతుంది. గుంజుడు దీనికి ఎదురు దిక్కున ఉంటే గాలికి వీపిచ్చి పరుగెత్తి బోర్లా పడొచ్చు.

ఆగస్టులో నాయినను వెంట తీసుకెళ్లాను. ఆయన ఒడ్డున నిలబడి ఉండగా, నీటి మధ్య కర్ర వదిలేసి రెండు చేతులూ పైకెత్తాను. పడవ నిదానంగా గాలివైపు తిరిగి, తెరచాపలు టపటపలాడిస్తూ నిలిచిపోయింది. ఆయన కూడా చేయెత్తాడు.