రేకు చెప్పే నిజం

తుప్పు పట్టిన పాత బండికి కొత్త రూపు కావాలంటే 'ఆటోనగర్‌కు తీసుకెళ్లు' అంటారు విజయవాడలో. అక్కడి టింకరింగ్ మేస్త్రుల చేతిచలవ అలాంటిది. అయితే ఆ చేతులు ముందుగా చేసేది అతకడం కాదు... కోయడం!

ఠంగ్... ఠంగ్... ఠప్!

సుత్తి ఆగింది. రెండుచోట్ల ఖంగుమన్న రేకు మూడోచోట మొద్దుగా పలికింది. మేస్త్రి జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి అక్కడ పెట్టాడు. అంటుకోలేదు. జారి కిందపడింది.

''ఇక్కడ రేకెక్కడుంది బాబూ, అంతా లప్పమే!''

జీపు యజమానికి నోట మాట రాలేదు. నాన్న ఎంతో ఇష్టంగా నడిపిన మహీంద్రా జీపు పికప్ అది. ఆకుపచ్చ రంగు ఇంకా నిగనిగలాడుతూనే ఉంది. తలుపు అడుగున నాలుగు బుడగలు లేస్తే గీకించి రంగు వేయిద్దామని తెచ్చాడు. తీరా చూస్తే ఇదీ సంగతి!

జవహర్ ఆటోనగర్‌లో ఇలాంటి సంభాషణలు మామూలే. చెన్నై-కోల్‌కతా, హైదరాబాద్-మచిలీపట్నం రహదారులు కలిసే ఊరు విజయవాడ. లారీలు ఎక్కువ, వాటితోపాటే మరమ్మతులూ ఎక్కువ. అందుకే 1960ల్లో మొదలైన ఆటోనగర్ ఇంతగా విస్తరించింది. ఒక వీధిలో లారీలకు బాడీ కడుతుంటే, పక్క వీధిలో కమాను కట్టలు సరిచేస్తుంటారు. రేడియేటర్ల వాళ్లు, సీట్లు కుట్టేవాళ్లు, పెయింటర్లు... ఎవరి షెడ్డు వారిదే. వెల్డింగు మెరుపుల మధ్య టీ గ్లాసులు మోసుకెళ్లే కుర్రాళ్లు కూడా అటు చూడకుండా నడవడం నేర్చేసుకుంటారు.

బుడగ వెనక ఏముంది?

ఇనుముకు తేమ, గాలి తోడైతే తుప్పు పుడుతుంది. ఉప్పు కలిస్తే ఇంకా తొందరగా తినేస్తుంది. ఇనుము తుప్పుగా మారితే ముందుకన్నా ఎక్కువ చోటు కావాలి. అందుకే పైనున్న రంగును నెట్టుకుంటూ బుడగలా పైకి లేస్తుంది. అంటే బుడగ కనిపించేసరికే లోపల పని చాలావరకు అయిపోయిందన్నమాట!

ఈ జీపు కథా అంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయినప్పుడు ఇదీ మునిగింది. తర్వాత బయటంతా శుభ్రంగా కడిగారు. కానీ తలుపుల మడతల్లో, పట్టీల లోపల చేరిన బురద అక్కడే ఉండిపోయింది. అది తడిని పట్టి ఉంచింది. అంతకుముందెప్పుడో ఎవరో తుప్పు మీదే పూసేసిన లప్పం కూడా ఆ తేమను పీల్చుకుంది.

కాలికింద రోడ్డు

మేస్త్రి డ్రైవరు కాళ్ల దగ్గరి మ్యాట్ ఎత్తాడు. స్క్రూడ్రైవరుతో మెల్లగా పొడిచాడు. అది సగందాకా దిగిపోయింది. తీసి చూస్తే ఆ కన్నంలోంచి నేల కనిపించింది.

''అమ్మేద్దామనుకుంటున్నాను మేస్త్రిగారూ... పైపైన సరిచేస్తే చాలు'' అసలు విషయం చెప్పాడు యజమాని.

''లప్పం పెడితే సాయంత్రానికి ఇచ్చేస్తా. కానీ కొన్నవాళ్లు కూడా పిల్లల్ని ఎక్కించుకుంటారుగా బాబూ!''

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. యజమాని మళ్లీ ఆ కన్నంలోకి చూశాడు. అక్కడే కదా ఏళ్ల తరబడి నాన్న కాలు పెట్టింది!

''సరే, కోయండి'' అన్నాడు.

కోత... అతుకు

అసలు నైపుణ్యం ఇక్కడే. తుప్పు ఉన్నంత మేరే కోస్తే సరిపోదు. మంచి ఇనుము తగిలేదాకా వెళ్లాలి. అరచేయంత మచ్చకు అడుగు రేకు పోవచ్చు. ఆ ఖాళీకి ముందుగా అట్టముక్కతో నమూనా తీస్తారు. దాని ప్రకారం 18 లేదా 20 గేజి రేకు కత్తిరించి అంచులు వంచుతారు. పాత జీపుల రేకులు చాలావరకు చదునుగా ఉంటాయి కాబట్టి కారుకన్నా ఈ పని కాస్త సులువు.

వెల్డింగు మాత్రం గీత గీసినట్టు ఏకధాటిగా చేయకూడదు. వేడికి పల్చటి రేకు అలలా వంకర పోతుంది. అందుకే ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెడుతూ, మధ్యమధ్యలో చల్లారనిస్తూ అతుకుతారు. ఆపైన గ్రైండింగు. లోపలివైపు ఇనుప దిమ్మె ఆనించి, బయటినుంచి సుత్తితో సన్నగా కొడుతూ చదును చేస్తారు. అతుకు ఎక్కడుందో కంటికన్నా ముందు అరచేతికే తెలుస్తుంది. రెడ్ ఆక్సైడ్ పూశాక లప్పం వంతు. అయితే ఈసారి కన్నాలు కప్పడానికి కాదు, గీతలు పూడ్చడానికి... అదీ పల్చగా.

కొత్త కార్లకు జింకు పూత రేకులు వస్తున్నాయి. దెబ్బ తగిలితే తలుపుకు తలుపే మార్చేస్తున్నారు. పాత జీపులకు ఆ వీలు తక్కువ. వాటికి సుత్తి పట్టే చెయ్యే దిక్కు.

రంగు వేసేముందు మేస్త్రి తలుపు అడుగున పూడిపోయిన చిన్న రంధ్రాలను పుల్లతో తెరిచాడు. ''నీళ్లు వచ్చే దారి ఎలాగూ ఆపలేం బాబూ. పోయే దారి మాత్రం మూసుకోకుండా చూసుకోండి'' అంటూ సుత్తి తీసి కొత్త రేకు మీద ఒక్కటి వేశాడు.

ఠంగ్!

''ఎంతకు అమ్ముతారు బాబూ?'' అడిగాడు నవ్వుతూ.

''చూద్దాంలెండి'' అన్నాడు యజమాని, తలుపు మీద చెయ్యి తీయకుండానే.