చివరి గదికి వంతు

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళు తెరిచే వేళకు బస్సెక్కి, జమ్మలమడుగులో దిగి మైలవరం జలాశయం చూసుకొని, ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ వెలిశాక ఈ తట్టుకు పల్లె పిల్లలు కంప్యూటరు చదువులకు రావడం మామూలైంది. మా అక్క కొడుకూ ఇక్కడే ఒక హాస్టల్లో ఉంటాడు. దాని పేరెందుకు లెండి.

“రాత్రి తొమ్మిదైతే అందరూ ఒకేసారి నెట్టు తెరుస్తారు మామా. చివరి గదికి ఏమీ రాదు” అన్నాడు.

అందుకే తలకింతని రోజుకు కోటా పెట్టారట. సబబే. వంతులు లేకపోతే కాలువ నీళ్ళు ఎగువ మడివాడే తాగేస్తాడు గదా! చిక్కల్లా సినిమాకూ పాఠానికీ కోటా ఒకటే కావడం. అది చెల్లితే ఫోను ప్యాకే గతి. అదీ అయిపోతే, చాలా ప్యాకుల్లో వేగం సెకనుకు 64 కిలోబిట్లకు దిగుతుంది. 10 మెగాబైట్ల పాఠం దిగడానికి 20 నిమిషాల పైమాటే.

ఆ రాత్రి 12 గంటలకు వాడి స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు గడువు. రెండు కోటాలూ సాయంత్రానికే పాఠాలకు చెల్లిపోయాయి. నా ఫోను వాడి చేతిలో పెట్టాను.

అరగంటకు తలెత్తి, “చేరింది మామా” అన్నాడు.