రిమినీ తీరం, స్వీడన్ పాట

ఇటలీ దేశానికి తూర్పున, ఆడ్రియాటిక్ సముద్రపుటొడ్డున రిమినీ అనే పట్టణమున్నది. బొలోన్యాలో రైలెక్కితే గంటన్నర లోపున అక్కడ దిగవచ్చును. స్టేషనుకు ఒక వైపున రెండువేల యేండ్ల నాటి రోమను ఊరు, రెండవ వైపున సముద్రం. ఊళ్ళో క్రీ.పూ. 27లో అగస్టస్ చక్రవర్తి గౌరవార్థం నిలిపిన తోరణం, క్రీ.శ. 21లో టిబేరియస్ కాలాన పూర్తయిన రాతివంతెన చూడదగినవి. ఆ వంతెన మీద మనుష్యులు నేటికీ నడుస్తూనే వున్నారు.

అయితే ఇక్కడికి వచ్చేవారిలో చాలామందికి తోరణంతోను, వంతెనతోను పని లేదు. వారికి కావలసినది ఇసుక. సుమారు 15 కిలోమీటర్ల పొడుగున మెత్తని ఇసుక పరుచుకొని వున్నది. 1843లో ఇక్కడ మొదటి సముద్రస్నానశాల వెలసింది. వేసవిలో తీరం పొడుగునా గొడుగులు బారులు తీరి వుంటాయి. స్నానశాలలకు నంబర్లుంటాయి గనుక "ఫలానా నంబరు దగ్గర కలుసుకుందాం" అనుకుంటారు.

ఆకలైతే పియాదీనా తినవచ్చును. ఇది గోధుమపిండి రొట్టె. పెనం మీద కాల్చి, లోపల మెత్తని జున్నో ఆకుకూరో పెట్టి, మడిచి చేతికిస్తారు. చూపునకు మన చపాతీయే గాని కొంచెం మందం. పిండిలో పందికొవ్వు కలిపే ఆచారమున్నది. శాకాహారులు ఆలివు నూనెతో చేసినదేనా అని అడిగి మరీ తీసుకోవడం మంచిది.

ఇంతకూ ఈ ఊరి సంగతి ఎత్తుకోవడానికి కారణం ఒక పాటల ఆల్బం. అది ఇటలీలో పుట్టినది కాదు; ఎక్కడో ఉత్తరాన, స్వీడన్‌లో పుట్టినది. 2006లో సాలీ షపీరో అనే మారుపేరుతో ఒక గాయని 'డిస్కో రొమాన్స్' అనే ఆల్బం వెలువరించింది. స్వరకర్త యోహాన్ అగెబ్యోర్న్. పెద్ద కంపెనీల అండ వారికి లేదు. వియన్నాకు చెందిన చిన్న కంపెనీ ఒకటి దానిని విడుదల చేసింది. ఆ పాటలలో గొంతు బహు సన్నన. కిటికీ అవతల మంచు కురుస్తూంటే తనలో తాను చెప్పుకుంటున్నట్లుంటుంది. ఒక పాట క్రిస్మసు పాట కూడాను. కాని ఆ గొంతు కింద నడిచే తాళమూ, స్వరాల వరుసలూ అచ్చంగా 1980లలో ఇటలీ కుర్రకారు వేసవి రాత్రులు ఆడిన నాట్యసంగీతానివి. ఇటాలో డిస్కో అని దాని పేరు. చలిదేశపు గాయని ఈ ఎండతీరపు సంగీతాన్ని ఎందుకు తలచుకొని బెంగపడవలె? పైగా, అది తనది కానప్పుడు ఆ పాటను నకలు అనవలెనా, నిజం అనవలెనా? ఈ ప్రశ్నకు జవాబు రిమినీ చరిత్రలోనే కొంత దొరుకుతుంది.

రిమినీ వున్న ప్రాంతానికి రొమాన్యా అని పేరు. ఇక్కడివారి సొంత నాట్యం 'లీషో'. పాదం నేల మీద జారుతున్నట్లుండాలని ఆ పేరు వచ్చింది. పెండ్లిండ్లలో, తిరునాళ్ళలో ముసలివారు కూడా జంటలు కట్టి ఆడుతారు. మా తాతలనాటిది అని గర్వంగా చెప్పుకుంటారు. కాని తరచి చూస్తే అందులో వున్నవి మూడు: వాల్ట్జ్, పోల్కా, మజూర్కా. మొదటిది వియన్నా నుంచి, రెండవది బొహీమియా నుంచి, మూడవది పోలెండు నుంచి వచ్చినవి. కార్లో బ్రిగీ (1853–1915) అనే ఫిడేలు విద్వాంసుడు వాటిని ఇక్కడి పల్లెలకు తెచ్చి, వేగం పెంచి, జనం చేత ఆడించాడు. తరువాతి తరంలో సెకొండో కాసదేయి (1906–1971) ఆ బాణీకి దేశమంతటా పేరు తెచ్చాడు. 1954లో ఆయన మిలాన్‌లో రికార్డు చేసిన 'రొమాన్యా మీయా' ఈ ప్రాంతానికి జాతీయగీతం వంటిదయింది. 'నా రొమాన్యా' అని దాని అర్థం. మొదట ఆ పాట పేరు 'కాజెత్తా మీయా', అంటే 'నా చిన్న ఇల్లు'. రికార్డు కంపెనీవారి సలహా మీద ఇల్లు కాస్తా ప్రాంతమయింది! పరదేశపు అడుగుల మీద, వేరే ఊరిలో మార్చిన మాటతో, ఒక ప్రాంతపు గుండె పలికింది.

ఆ పాట రావడానికి పదేండ్ల ముందు రిమినీ శిథిలాల దిబ్బ. రెండవ ప్రపంచయుద్ధంలో విమానాల నుంచి బాంబులు కురిసి, ఊరిలో చాలా భాగం నేలమట్టమయింది. 1944 సెప్టెంబరు 21న మిత్రసేనలు దానిని పట్టుకున్నవి. ఆ పోరాటంలో మన భారతసైన్యం కూడా వున్నది. సాన్ మరీనో పోయే దారిలో గూర్ఖా యుద్ధ శ్మశానవాటిక వున్నది. అక్కడ 600కు పైగా సమాధులున్నవి. దహనసంస్కారం జరిగిన మనవారి పేర్లతో వేరే ఒక స్మారకం కూడా కట్టారు. ఎండకాచుకునేందుకు వచ్చే యాత్రికులలో అటువైపు పోయేవారు తక్కువ. భారతీయులు మాత్రం ఒక పూట దానికి కేటాయించాలి.

యుద్ధం ముగిసిన తరువాత ఇండ్లు లేచినవి, హోటళ్ళు లేచినవి. జర్మనీ నుంచి, స్వీడన్ వంటి ఉత్తరదేశాల నుంచి జనం వేసవి సెలవులకు రాసాగారు. 1970ల నడుమ, దక్షిణంగా గబిచ్చే కొండ మీద 'బాయా దెల్యి ఆంజెలి' అనే నాట్యశాల వెలసింది. రికార్డులు వేసే మనిషి అద్దాల లిఫ్టులో కూర్చుని అంతస్తులు ఎక్కుతూ దిగుతూ వేసేవాడు. వాద్యబృందం స్థానంలోకి రికార్డు వచ్చింది. ఆ తరువాత సింథసైజరు, తాళం వేసే యంత్రం వచ్చినవి. ఒక గదిలో ఇద్దరు ముగ్గురు కూర్చుని, వెనుకటి రోజులలో పాతికమంది వాద్యగాళ్ళు చేసిన పనిని చేయగలిగారు. మిలాన్, రోమ్, టూరిన్‌లలో తయారైన ఆ పాటలు వేసవి రాగానే సముద్రతీరాలకు చేరేవి.

చిత్రమేమంటే ఆ పాటలలో ఇటాలియన్ భాష అరుదు. ఎక్కువగా ఇంగ్లీషు, అదీ వచ్చీరాని ఇంగ్లీషు. పేర్లు సైతం అరువువే. 1983లో 'దోల్చే వీతా' పాడిన రయన్ పారిస్ రోము నగరవాసి. 'ఐ లైక్ షొపాన్' పాడిన గజీబో బేరూట్‌లో పుట్టిన ఇటాలియన్ దౌత్యోద్యోగి కొడుకు. ఈ రెండు పాటలకూ స్వరకర్త ఒక్కరే, పియెర్లుయీజీ జొంబీనీ. డెన్ హారో అనే పేరుతో వేదిక మీద కనిపించినది ఒకరు, రికార్డులలో పాడినది మరొకరు. ఇటాలియన్‌లో డబ్బును 'దెనారో' అంటారు; ఆ పేరు అందులో నుంచి వచ్చినదే! 'ఇటాలో డిస్కో' అనే పేరు సైతం ఇటలీవారు పెట్టుకున్నది కాదు. జర్మనీలోని ఒక రికార్డు కంపెనీ వారు 1980లలో అమ్మకం కోసం ప్రచారంలోకి తెచ్చినది.

1980ల చివరికి అమెరికా నుంచి కొత్త నాట్యసంగీతం వచ్చింది. ఇటలీలో ఈ పాటలను చౌకసరుకుగా చూచి పక్కన పెట్టారు. వాటిని ఏరి దాచుకొన్నవారు పొరుగువారు. హాలెండులో హేగ్ నగరపు రికార్డు ప్రియులు, ఉత్తరదేశాల కుర్రవాళ్ళు పాత రికార్డులను వెతికి కొని, మళ్ళీ మళ్ళీ వినిపించారు. సాలీ షపీరో ఆల్బం ఆ మమకారంలో నుంచి పుట్టినదే. మారుపేరు పెట్టుకోవడంలో సైతం ఆమె ఇటలీవారి ఆచారాన్నే పాటించింది. మహా బిడియస్థురాలు. పాడేటప్పుడు స్వరకర్తనైనా గదిలో వుండనిచ్చేది కాదట. వేదిక ఎక్కి పాడే అలవాటు లేదు. 2016లో ఇక చాలు అని వీడ్కోలు పాట వెలువరించింది. 2021లో తిరిగి వచ్చింది. 2022లో 'సాడ్ సిటీస్' అనే ఆల్బం వెలువడింది.

ఇక నకలు, నిజం అనే మాట. రిమినీలో 1920లో పుట్టిన సినిమా దర్శకుడు ఫెదెరీకో ఫెల్లీనీ తన బాల్యపు ఊరిని తలచుకొని 1973లో 'అమార్కోర్డ్' తీశాడు. రొమాన్యా మాండలికంలో 'నాకు జ్ఞాపకమున్నది' అని ఆ మాటకు అర్థం. ఆయన రిమినీలో చిత్రీకరించలేదు. ఊరంతా రోమ్‌లోని స్టూడియోలో కట్టించాడు. సముద్రాన్ని ప్లాస్టిక్ గుడ్డతో చేయించాడు. అయినా ఆ ఊరివారు అది తమ ఊరేనన్నారు. 2021లో ఆయన పేర మ్యూజియం తెరచారు.

దూరం నుంచి తలచుకొనేవారు అన్నీ తలచుకోరన్న మాట నిజమే. 1983లో రిగెయిరా బృందం పాడిన 'వామోస్ ఆ లా ప్లాయా'ను వేసవి పాటగా అందరూ హాయిగా పాడుకొన్నారు. ఆ మాటలలో వున్నది అణుబాంబు పేలిన సముద్రతీరం! తాళం మిగిలింది, భయం మరుగున పడింది. స్వీడన్ గాయని చేసిన మేలు ఇక్కడే వున్నది. ఆ తాళం కింద దాగిన దిగులును ఆమె పైకి తెచ్చింది.

పొరుగునేలల్లో తరాలుగా కాపురముంటున్న మనకు ఈ సంగతి కొత్త కాదు. తంజావూరు దగ్గరి మేలట్టూరులో వేంకటరామశాస్త్రిగారి తెలుగు నాటకాలను ఏటా నరసింహజయంతికి భాగవతమేళం వారు ఆడుతున్నారు. చుట్టూ వినిపించేది తమిళం. దానిని ఎవరూ నకలు అనరు గదా! దాచుకొన్నవారికీ అందులో వాటా వున్నది.

రిమినీ చూడదలచినవారికి ఒక సలహా. జూలై, ఆగస్టు నెలలలో గదులు దొరకడం కష్టం, జనం ఎక్కువ. చలికాలంలో ఒకసారి పోయి చూడండి. గొడుగులు వుండవు, చాలా హోటళ్ళ తలుపులు మూసి వుంటాయి, ఇసుక మీద గాలి తప్ప మనిషి అలికిడి వుండదు. అప్పుడు ఆ స్వీడన్ ఆల్బం వింటే, అది ఈ తీరానికి పరాయిదని అనిపించదు.