బిడ్డకు ఎంత చోటు కావాలి?



పోయిన నెల మేమిద్దరం పదిహేను రోజులు హైదరాబాదులోని రహమత్ నగర్‌లో ఉన్నాము. ఆదివారం ఆరాధనకు మాత్రం ఊరికి వచ్చి వెళ్లాము. కూడికల కోసం కాదు, ఒక కాన్పు కోసం. ఆ అమ్మాయి మా సంఘంలోనే పెరిగింది. పెళ్లి చేసి పంపిందీ మేమే. తొలి కాన్పుకు పుట్టింటికి రావలసిన పిల్ల. అయితే పుట్టింట తల్లి లేదు. అందుకని మేమే వెళ్లాము.

రహమత్ నగర్ జూబ్లీహిల్స్‌ను ఆనుకునే ఉన్నా, సందుల్లో రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్లాలి. చుట్టుపక్కల సినిమా పనుల మీద బతికేవారు చాలామంది. మా అబ్బాయి సెట్లు వేసే వడ్రంగి. ఒకే గది, పక్కన చిన్న వంటచోటు. రాత్రి నేల మీద పరుపు పరిస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది.

వెళ్లిన సాయంత్రమే ఆ బిడ్డ ఫోనులో ఒక జాబితా చూపించింది. చక్రాల తొట్టి మంచం, దానంతట అదే ఊగే కరెంటు ఉయ్యాల, ఏటవాలుగా పడుకోబెట్టే కుర్చీ, చుట్టూ కట్టే మెత్తలు, తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు. మొత్తం ఇరవై మూడు వేలు. వాయిదాల్లో కట్టుకోవచ్చట. భర్త తల వంచుకుని, "పోయిన సినిమాలో రాజుగారి బిడ్డకు ఉయ్యాల చేశాను అయ్యగారూ. అందులో పడుకున్నది బొమ్మ. షూటింగ్ అవగానే విరగ్గొట్టేశారు. నా బిడ్డకు కొనలేనంటే ఎలా?" అన్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఎందుకో మీకు చెప్పాలి.

మా పెద్దవాడు నెలల బిడ్డగా ఉన్నప్పుడు, చలికాలం, మా ఇద్దరి మధ్య పడుకోబెట్టుకునేవాళ్లం. పగలంతా గ్రామాలు తిరిగి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాము. తెల్లవారుజామున అమ్మగారు లేచి చూస్తే రగ్గు వాడి ముఖం మీద ఉంది. లాగేసరికి ఏడ్చాడు. ఆ ఏడుపుకు కలిగినంత సంతోషం మాకు మరి దేనికీ కలగలేదు. ఇన్నేళ్లూ సంఘంలో చెప్పలేదు, సిగ్గుపడి.

సొలొమోను తీర్పు కథలో మనకు కత్తే గుర్తుంటుంది. ఆ కథ ఎక్కడ మొదలైందో మరచిపోతాము. రాత్రివేళ నిద్రలో ఒక తల్లి తన బిడ్డ మీద పడింది, బిడ్డ చనిపోయింది. ఆమె దుర్మార్గురాలు కాబట్టి అలా జరగలేదు, అలసిపోయింది కాబట్టి జరిగింది.

మర్నాడు ముగ్గురినీ కూర్చోబెట్టి, పిల్లల వైద్యులు చెప్పేదంతా చెప్పాము. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో ఇచ్చిన సూచనలు చాలా సరళమైనవి. బిడ్డను ప్రతి నిద్రకూ వెల్లకిలా పడుకోబెట్టాలి. పరుపు గట్టిగా, సమంగా ఉండాలి. దిండు, మెత్తలు, బొమ్మలు, వదులైన దుప్పట్లు ఉండకూడదు. కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, కానీ వేరే పక్క మీద. ఏటవాలు పడకల్లో గడ్డం ఛాతీకి ఆని శ్వాస ఆగే ప్రమాదం ఉంది. అందుకే వాటినీ, చుట్టూ కట్టే మెత్తలనూ అక్కడ అదే ఏడాది చట్టం చేసి నిషేధించారు. అంటే ఆ జాబితాలో సగం, కొనకపోతేనే బిడ్డకు మేలు.

చీర ఉయ్యాల సంగతి అడిగింది. మనమందరం అందులో ఊగినవాళ్లమే. ఏడుపు మాన్పడానికి, కళ్లముందు పెట్టుకుని ఊపవచ్చు. కానీ గుడ్డ వంగినప్పుడు పసిబిడ్డ మెడా వంగుతుంది. కాబట్టి నిద్రపోగానే తీసి సమంగా పడుకోబెట్టాలి. కాస్త పెద్ద పిల్లలు దాన్ని మెలితిప్పి ఆడితే మెడకు ఉరి పడుతుంది. ఆటయ్యాక విప్పి మడత పెట్టాలి.

ఫిన్లాండు దేశంలో 1938 నుండి ప్రభుత్వం తల్లులకు ఒక అట్టపెట్టె ఇస్తోంది. అందులో బట్టలు, అడుగున చిన్న పరుపు. ఎందరో పిల్లలు ఆ పెట్టెలోనే మొదటి నిద్ర పోయారు. మన దగ్గర 2017లో మొదలైన కేసీఆర్ కిట్‌లోనూ దోమతెరతో చిన్న పడక ఉండేది. యోకెబెదు మోషేకు జమ్ముపెట్టె అల్లింది. లోపలికి నీరు రాకుండా పూత పూసింది. మరియమ్మకు దొరికింది పశువుల తొట్టి.

ఇది విని మా వడ్రంగి అబ్బాయి టేపు తీశాడు. సెట్టు చెక్క వద్దన్నాడు, మేకులూ రంగూ ఉంటాయని. కొత్త చెక్క కొని, నునుపుగా తోపడా పట్టి, నేల మీద తమ పరుపు పక్కనే పట్టేలా ఒక చిన్న తొట్టి చేశాడు. కమ్మీల మధ్య ఆరు సెంటీమీటర్లు దాటకుండా కొలిచాడు, బిడ్డ ఒళ్లు జారిపోకుండా. లోపల ఖాళీ లేకుండా సరిపోయే గట్టి పరుపు, బిగుతుగా పరిచిన ఒక గుడ్డ. పైన దోమతెర. మొత్తం మూడు వేల లోపే అయింది.

అది చూసి అమ్మాయి ఏడ్చింది. నచ్చలేదేమో అనుకున్నాము. "కాదు అమ్మగారూ, అమ్మ ఉంటే ఏది కావాలో ఏది వద్దో చెప్పేది. చెప్పేవాళ్లు లేక, అన్నీ కొంటే ఏదీ తప్పిపోదనుకున్నాను" అంది. అమ్మగారు ఆమె తల ఒళ్లో పెట్టుకున్నారు. మేము బయటకు వచ్చి మెట్ల మీద కూర్చున్నాము.

నాలుగో రోజున ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు ఆ తొట్టిలోనే నిద్రపోతోంది, తల్లి చెయ్యి చాపితే అందేంత దూరంలో.

ప్రియులారా, మీ సంఘంలో తల్లి లేని కోడలు, ఊరుకాని ఊళ్లో కాన్పయ్యే బిడ్డ ఉంటే, ఉయ్యాల కొనిచ్చే ముందు వెళ్లి పక్కన కూర్చోండి. పరుపు గట్టిదా, దిండు తీశారా, దోమతెర ఉందా చూడండి. రాత్రి ఒక జాము మీరు మేలుకుని, ఆ తల్లిని పడుకోనివ్వండి. ఆమె అలసట తీరడం కూడా బిడ్డకు కాపుదలే.

ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడని మనం నమ్ముతాము. మనం కునుకుతాము కాబట్టి, పక్కను జాగ్రత్తగా పరుద్దాము. దేవుడు మీ పసివారిని కాచి కాపాడును గాక. ఆమేన్.