మాసిక పక్కన చిరుగు



రెండు ఆదివారాలు పై ఊళ్లకు మేము రాలేకపోయాం. జీపు పాడైందని కబురు పంపాం గాని, ఏం పాడైందో, ఎందుకు పాడైందో చెప్పలేదు. చెప్పాలంటే కొంచెం సిగ్గుపడాలి. ఆ పని ఈ వారం చేస్తున్నాం.

జీపు ముందు ఎడమ చక్రం మీద కమాన్ కట్ట ఉంటుంది. దాని ఒక కొస షాకిల్‌తో ఊగుతుంది. రెండో కొస చాసిస్‌కు వెల్డింగ్ చేసిన బ్రాకెట్‌లో బోల్టుతో నిలుస్తుంది. చక్రం గోతిలో పడ్డా, రాయెక్కినా ఆ దెబ్బ వచ్చి అరచేయంత ఆ బ్రాకెట్‌కే తగులుతుంది. వానల్లో మన మట్టిబాట సంగతి మీకు చెప్పనక్కర్లేదు. జూలైలో ఒక బుధవారం, కూడిక ముగించుకొని, జ్వరంతో మూలుగుతున్న పెద్దమ్మనొకరిని ఎక్కించుకొని దిగుతుంటే ‘టప్’మని చప్పుడైంది. బండి ఎడమకు ఒరిగింది. స్టీరింగ్ లోయవైపు లాగేసింది. గట్టును ఆనుకుని ఆగాం కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాం. దిగి చూస్తే బ్రాకెట్ చీలిపోయి, ఇరుసు వెనక్కి జరిగి ఉంది. యవ్వనస్థులు కర్రకు దుప్పటి కట్టి, పెద్దమ్మను తారురోడ్డు దాకా డోలీలో మోశారు. దేవుని కృప, ఆమె కోలుకుంది.

ఆ భయంలో మేము చేసిన పని ఇది. దగ్గర్లోని వెల్డింగ్ షాపుకెళ్లి, “ఎంత మందమైతే అంత మందం వెయ్యి, మళ్లీ విరగకూడదు” అన్నాం. అతను 10 మి.మీ. ప్లేటుతో కొత్త బ్రాకెట్ చేసి, చుట్టూ వేలంత లావున వెల్డింగ్ పెట్టాడు. అడిగిందే చేశాడు, అతని తప్పేమీ లేదు. దాని మీద కాలుపెట్టి తొక్కి చూసి, ఆదివారం సాక్ష్యం కూడా చెప్పాం. మీలో చాలామంది ఆమేన్ అన్నారు.

మూడు వారాలకు మళ్లీ చప్పుడు. ఈసారి బ్రాకెట్‌కు గీత కూడా పడలేదు. దాన్ని పట్టుకున్న చాసిసే, వెల్డింగ్ ముగిసిన చోట, పైనుంచి సగం దాకా నిలువుగా పగిలింది.

నర్సీపట్నంలో తెలిసినవారు ఒక పాత మేస్త్రి దగ్గరికి పంపారు. ఆయన బండి కిందికి దూరి, బ్యాటరీ లైటు వేసి చూసి, నవ్వుతూ బయటికొచ్చాడు. “బ్రాకెట్ బాగుంది పాస్టరుగారూ. పక్కనున్న రేకును ఎవరూ అడగలేదు, అంతే.”

చాసిస్ అంటే మనకు దూలంలా కనిపిస్తుంది గాని, అది మడిచిన రేకే. మన బండిది 3 మి.మీ. పైచిలుకు. అది బరువుకు కొంచెం వంగుతూ, దెబ్బను పొడవునా పంచుకుంటూ బతుకుతుంది. దానికి వంగని ముక్క అతికిస్తే, ఆ ముక్క ఉన్నంత మేర వంగడం ఆగిపోతుంది. వంగాల్సిందంతా ముక్క అంచునే వంగాలి. పైగా వెల్డింగ్ వేడికి అక్కడి ఇనుము గుణం మారి ఉంటుంది. పాతది తనే విరిగి ఊరుకునేది. కొత్తది తాను విరగక, పక్కదాన్ని విరిచింది.

పాత వస్త్రానికి కొత్త గుడ్డ మాసిక వేయడం గురించి మార్కు 2వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట మీద ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. మాసిక చెడ్డదని కాదు, అది బలంగా ఉండి పాతదాన్ని లాగుతుందని ఆ రేకుల షెడ్డు కింద కూర్చున్నప్పుడే మాకు అర్థమైంది. అర్థమైనప్పుడు గుర్తొచ్చింది మాత్రం జీపు కాదు.

మనతో పరిచర్య చేసే తమ్ముడి సంగతి మీకు తెలుసు. ఆయన అనుమతితోనే రాస్తున్నాం. మొదట ఒక ఊరు ఇచ్చాం. బాగా చేశాడని మరో రెండు ఇచ్చాం. సండే స్కూలు, యవ్వనస్థుల కూడిక కూడా ఆయన మీదే పెట్టాం. ఎప్పుడూ కాదనలేదు. గట్టివాడు, మోస్తాడు అనుకున్నాం. నిజంగానే మోశాడు. ఊట దగ్గర నీళ్లు మోసేది, ఇద్దరు పసిపిల్లలతో కూలికి పోయేది, కూడిక అయ్యాక వచ్చిన పదిమందికి వండేది ఆయన భార్య. “నీకెలా ఉందమ్మా?” అని మేము ఒక్కసారి కూడా అడగలేదు. ఆగస్టులో ఆ చెల్లెమ్మ పిల్లలను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. ఎవరైనా అడిగితే “వాళ్ల ఇంటి సమస్య, ప్రార్థన చేయండి” అన్నాం. అది వాళ్ల ఇంటి సమస్య కాదు. మేము పెట్టిన బరువు.

మేస్త్రి పని రెండు రోజులు పట్టింది. బ్యాటరీ వైరు విప్పించాడు. మా 10 మి.మీ. బ్రాకెట్‌ను గ్రైండరుతో కోసి తీసేశాడు. పగులు ఎక్కడ ఆగిందో వెతికి, ఆ కొసలో చిన్న బెజ్జం వేశాడు. గుండ్రటి బెజ్జం దగ్గర పగులు ఆగుతుందట, సూదిమొన దగ్గర ఆగదట. తర్వాత పగులును లోతుగా అరగదీసి, తేమ లేని రాడ్డుతో నింపి, పైన నున్నగా రుద్దాడు. దాని మీద అడుగున్నర పొడవు ప్లేటు వేశాడు, 4 మి.మీ. మాత్రమే. “ఇంత పల్చనా?” అన్నాం. జవాబు చెప్పలేదు. రెండు కొసలూ చేప తోకవైపులా సన్నగా కోశాడు. పొడవు వైపులే వెల్డింగ్ చేశాడు గాని, కొసల్లో అడ్డంగా ఒక్క గీత కూడా పెట్టలేదు. చాసిస్‌కు అడ్డంగా పెట్టే గీత కత్తిగాటు లాంటిదన్నాడు. ఆ ప్లేటు మీద 6 మి.మీ. బ్రాకెట్, దానికి రెండు పక్కలా మూడుమూలల ముక్కలు. మొత్తం చూస్తే మొదటిదాని కంటే బలహీనంగానే కనిపిస్తుంది.

ఇంకొక సంగతి. రబ్బరు బుష్‌లో బోల్టు ఎక్కించాడు గాని, బిగించలేదు. జాకీ దించి, బండి తన కాళ్లమీద తాను నిలబడ్డాకే బిగించాడు. గాలిలో ఉన్నప్పుడే బిగిస్తే, నేల మీదికి రాగానే రబ్బరు మెలిపడి, అలాగే ఉండిపోయి తొందరగా చిరుగుతుందట. ఎవరికైనా పని అప్పగించేటప్పుడు వాళ్ల కాళ్లు నేలమీద ఉన్నాయో లేదో మేము చూశామా అని ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఇంటికొచ్చాక మొదటి రాజులు 7వ అధ్యాయం తీశాం. హీరాము చేసిన ఇత్తడి తొట్ల పీఠాల కొలతలున్న భాగం. ఏటా బైబిలు పూర్తిచేసే తొందరలో దాన్ని దాటిపోతుంటాం. పది పీఠాలు, ఒక్కోదానికి నాలుగు చక్రాలు, ఇరుసులు. ఒక్కో తొట్టి హెబ్రీ కొలతలో 40 బత్‌లు పట్టేది. బత్‌ను 22 లీటర్లని లెక్కిస్తే నీళ్లే 880 కిలోలు. అంత బరువు మోసే నాలుగు మూలల ఆధారాలు విడిగా అతికించినవి కావు, పీఠంతో కలిసి ఒకటిగా ఉన్నాయని 34వ వచనం చెబుతోంది. మేస్త్రికి చెబితే, “ఆయన పని తెలిసినవాడు” అన్నాడు.

ఆ మూడు ఊళ్లను ఇప్పుడు ముగ్గురు సంఘపెద్దలు పంచుకున్నారు. కూడికల తర్వాత వంట వంతులవారీగా మగవాళ్లే చేస్తారు. మొదటి వారం చారులో ఉప్పెక్కువైంది, ఓర్చుకోండి. తమ్ముడికి డిసెంబరు దాకా ఏ బాధ్యతా లేదు. ప్రతి శనివారం మేము జీపు కిందికి దూరి, వెల్డింగ్ అంచుల మీద కిరసనాయిలు రాసి తుడిచి, సుద్దపొడి చల్లి చూస్తున్నాం. సన్నపగులుంటే అందులోని కిరసనాయిలు ఊరి, సుద్ద మీద గీతలా కనిపిస్తుంది. ఇంతవరకు తెల్లగానే ఉంది.

సోమవారం ఆ చెల్లెమ్మ పుట్టింటికి వెళ్తున్నాం. తీసుకురావడానికి కాదు, క్షమాపణ అడగడానికి. ఆమె ఏమంటే అది వింటాం. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.