గుండెకి ఎవరూ చెప్పరు

ఆగస్టు 4
రేపు ఫస్టియర్ వాళ్లకి సైనస్ నోడ్ పాఠం. బోర్డు మీద వేయాల్సిన గీతనే మళ్లీ మళ్లీ గీస్తూ కూర్చున్నాను. గుండెలో మామూలు కండర కణాలు మైనస్ 90 మిల్లీవోల్టుల దగ్గర కుదురుగా పడి ఉంటాయి, పక్క కణం కదిలిస్తేనే కదులుతాయి. నోడ్ కణానికి ఆ కుదురే లేదు. మైనస్ 60కి దిగిందో లేదో, పొరలోని దారులు తెరుచుకుని సోడియం లోపలికి కారడం మొదలవుతుంది. వోల్టేజి మెల్లగా ఎక్కుతుంది. మైనస్ 40 దగ్గర కాల్షియం జొరబడుతుంది, గీత పైకి లేస్తుంది. తర్వాత పొటాషియం బయటికి పోతుంది, మళ్లీ మైనస్ 60. మళ్లీ కారడం.

మామూలు సోడియం దారులు వోల్టేజి పెరిగితే తెరుచుకుంటాయి, నోడ్‌లోనివి అది తగ్గితే. 1979లో ఆక్స్‌ఫర్డ్‌లో బ్రౌన్, డిఫ్రాన్సెస్కో, నోబుల్ అడ్రినలిన్ గుండెని ఎలా పరిగెత్తిస్తుందో వెతుకుతూ, వాటి గుండా పారే ఈ కరెంటును పట్టుకున్నారు. కణం లోపలి నిల్వల్లోంచి చిమ్మే కాల్షియమే అసలు గడియారం అనేవాళ్లూ ఉన్నారు. రెండూ కలిసే నడుపుతాయని నా నమ్మకం.

ఆగస్టు 5
"మెదడు చెప్పకుండా ఎలా మేడమ్?" అని వెనక బెంచీ అమ్మాయి అడిగింది. ఎంత మంచి ప్రశ్న! ఇప్పుడు కప్ప గుండె కంప్యూటర్ తెర మీదే. మేం చదివేటప్పుడు దాన్ని కోసి వాచ్ గ్లాసులో, రింగర్ ద్రావణంలో వేసేవాళ్లం. ఏ నరమూ లేకుండా ఎర్రబడుతూ, పాలిపోతూ కొట్టుకునేది. సైనస్ కింద దారంతో ముడి బిగిస్తే పైభాగం కొట్టుకుంటూనే ఉండేది, కిందిది ఆగిపోయేది. కాసేపటికి అదీ తన సొంత లయలో, నిదానంగా మొదలుపెట్టేది. 1852లో స్టానియస్ చేసి చూపించిన ప్రయోగం అది.

మార్పిడి చేసిన గుండెకి, దాన్ని నెమ్మదింపజేసే వేగస్ నరం తెగిపోయి ఉంటుంది, కాబట్టి కూర్చున్నా 90, 100 కొడుతుంది. మెదడు పగ్గం మాత్రమే పట్టుకుంటుందని చెప్పాను. ఆ అమ్మాయి తన మణికట్టు పట్టుకుని చూసుకుంది.

ఆగస్టు 9
బాబాయ్ ఫోన్. గుండె నీరసానికి ఇవాబ్రడిన్ వాడుతున్నాడు. "చీకట్లోంచి వెలుతుర్లోకి వస్తే కళ్ల ముందు మెరుపులమ్మా" అన్నాడు. ఆ మాత్ర నోడ్‌లో సోడియం కారే దారులనే మూస్తుంది. అలాంటివే కంటి రెటీనాలోనూ ఉన్నాయి. భయం లేదు బాబాయ్, మాత్ర మాత్రం నీ అంతట నువ్వు మానకు, రాత్రిపూట బండి తీయకు, డాక్టరు గారికి చెప్పు అన్నాను. సోమవారం చూపించుకుంటానన్నాడు.